అచ్చయిపోయిన పేపర్‌ని ఇప్పుడు ఓపెన్ యాక్సెస్‌లోకి మార్చుకోవచ్చా? (పాతకాలపు మెట్ట పంటల మీద రాసింది)

పెన్నగట్టు:

నమస్తే అండి అందరికీ. కావలి వైపు ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో హిస్టరీ చెప్తాను. పోయిన సంవత్సరం మా ముగ్గురి పేర్లతో ఒక పేపర్ విదేశీ పబ్లిషర్ జర్నల్‌లో వచ్చింది. కొత్తరాతియుగంలో మన దక్షిణాదిలో ఏ పంటలు వేశారు, ముందు ఏది వచ్చింది, తర్వాత ఏది వచ్చింది అన్నది విషయం. మేము కొత్తగా తవ్విందేం లేదు, కడప జిల్లా పెద్దముడియం, హనుమంతరావుపేట, బళ్ళారి పక్క సంగనకల్లు లాంటి చోట్ల ఇదివరకు తవ్వినప్పుడు దొరికిన మాడిన గింజల వివరాలు ఒక్కోటి ఒక్కో చోట అచ్చయి ఉన్నాయి కదా, వాటిని ఒకచోటికి తెచ్చి పెన్నా బేసిన్ వైపు నుంచి చూస్తే ఏం కనపడుతుందో రాసినాం. పోల్చి చూసేదానికి ఉదయగిరి, కనిగిరి చుట్టుపక్కల మెట్ట రైతుల దగ్గర కూర్చుని ఉలవ, కొర్ర, వరిగ ఎట్టా వేస్తారు, ఎట్టా నూరుస్తారు, పొట్టు ఏం చేస్తారు అని అడిగి రాసుకున్నాం.

ఇప్పుడు బాధ ఏందంటే ఆ రైతులు, ఆ ఊళ్ళల్లో టీచర్లు "అచ్చయింది అన్నారు కదా మేడం, ఏదీ చూపించండి" అంటా ఉన్నారు, లింక్ పంపిస్తే వాళ్ళకి ముప్పై నలభై డాలర్లు కట్టమని పేజీ వస్తోంది. మా కాలేజీ కంప్యూటర్‌లో కూడా తెరుచుకోదు. వాళ్ళు చెప్పిన మాటలు వాళ్ళే చదవలేకపోవడం నాకు అస్సలు నచ్చట్లేదు.

పబ్లిషర్‌కి మెయిల్ పెడితే ఇప్పుడైనా ఓపెన్ యాక్సెస్‌లోకి, అంటే ఎవరైనా ఫ్రీగా చదివేలా మార్చొచ్చు, ఫీజు ఇంత అని రాశారు, మన రూపాయల్లో రెండున్నర లక్షల పైమాటే. మాకు ప్రాజెక్టు డబ్బులు ఏమీ లేవు. డబ్బు కట్టకుండా దారి ఉందా? నా దగ్గర ఉన్న పీడీఎఫ్ నేరుగా ఎక్కడన్నా పెట్టేస్తే తప్పా? తెలుగులో చేసి పెడితే కుదురుతుందా? తెలిసినవాళ్ళు కొంచెం వివరంగా చెప్పండి.

లైబ్రరీ మనిషి:

మేడం, నెల్లూరులో కాలేజీ లైబ్రరీ చూస్తాను, ఈ ప్రశ్న మా దగ్గరికి తరచూ వస్తుంది కాబట్టి కొంచెం పెద్దగా రాస్తున్నా.

ముందు ఒక సంగతి, "ఓపెన్ యాక్సెస్‌కి మార్చడం" అంటే డబ్బు కట్టి జర్నల్ పేజీలోనే తాళం తీయించడం ఒక్కటే కాదు. దాన్ని గోల్డ్ అంటారు, మీ జర్నల్ సగం చందాల మీద సగం ఫీజుల మీద నడిచేది కాబట్టి హైబ్రిడ్ అంటారు. రెండోది గ్రీన్ దారి. జర్నల్ పేజీ అట్టాగే తాళం వేసి ఉంటుంది, మీరు మాత్రం మీ పేపర్ ఇంకో రూపాన్ని పబ్లిక్‌గా, ఫ్రీగా, చట్టబద్ధంగా ఇంకోచోట పెడతారు. చదివేవాడికి విషయం అదే. పైసా ఖర్చు లేదు. 2002లో బుడాపెస్ట్‌లో ఓపెన్ యాక్సెస్ ప్రకటన రాసినప్పుడే ఈ రెండు దారులూ చెప్పారు, మన దగ్గర మాత్రం ఫీజు దారి గురించే ఎక్కువ తెలుసు, ఎందుకంటే మెయిల్స్ పంపేది ఆ ఫీజు తీసుకునేవాళ్ళే.

ఇప్పుడు అసలు విషయం. మీ పేపర్‌కి మూడు రూపాలు ఉంటాయి. మీరు మొదట పంపినది ఒకటి, రివ్యూయర్లు చెప్పిన మార్పులన్నీ చేశాక ఎడిటర్ ఓకే అన్న మీ వర్డ్ ఫైల్ ఇంకొకటి, పబ్లిషర్ వాళ్ళ లోగో, పేజీ నంబర్లు, రెండు కాలమ్స్ వేసి తయారు చేసిన పీడీఎఫ్ మూడోది. ఈ మూడోదాన్ని మీరు బయట పెట్టకూడదు, కాపీరైట్ రాసిచ్చి ఉంటారు కాబట్టి. పరిశోధకులు పేపర్లు పంచుకునే రీసెర్చ్‌గేట్ సైటులో జనం ఇట్టాంటివే పెట్టబట్టి రెండు పెద్ద పబ్లిషర్లు దాని మీద జర్మనీలో, అమెరికాలో కేసులు వేసి 2023లో రాజీ పడ్డారు. రెండోది, ఆ ఒప్పుకున్న మాన్యుస్క్రిప్ట్ ఉంది చూడండి, అదే మీకు పనికొచ్చేది. ఎక్కువ పబ్లిషర్లు దాన్ని రిపాజిటరీలో, అంటే పేపర్లు దాచి అందరికీ చూపించే సైటులో పెట్టుకోనిస్తారు, కాకపోతే కొంత గడువు పెడతారు, కొందరు 12 నెలలు, కొందరు ఇంకా ఎక్కువ, కొందరికి అసలు గడువే లేదు. మీ జర్నల్ పేరు కొట్టి చూసేదానికి బ్రిటన్‌లో జిస్క్ అనే సంస్థ నడిపే సైటు ఉంది, ఇన్నాళ్ళు షెర్పా రోమియో అనేవాళ్ళు, ఇప్పుడు ఓపెన్ పాలసీ ఫైండర్ అని పేరు మార్చారు. ఏ రూపం, ఎక్కడ, ఎన్ని నెలల తర్వాత, ఏ లైసెన్స్‌తో అని వరసగా చూపిస్తుంది.

గడువు ఆన్‌లైన్‌లో మొదట పెట్టిన తేదీ నుంచి లెక్కనా, సంచికలో వేసిన తేదీ నుంచి లెక్కనా అని కూడా చూసుకోండి, రెండింటికీ మధ్య నెలలు తేడా ఉంటుంది.

ఎక్కడ పెట్టాలి అంటే, యూనివర్సిటీ రిపాజిటరీ ఉంటే అది బెస్ట్. లేకపోతే జెనోడో అనే రిపాజిటరీ ఉంది, యూరప్‌లో సెర్న్ అనే పరిశోధనా సంస్థ వాళ్ళు 2013 నుంచి నడుపుతున్నారు, ఎవరైనా ఫ్రీగా పెట్టుకోవచ్చు, డీఓఐ అని మారకుండా ఉండే గుర్తింపు నంబర్ ఇస్తుంది, ఫలానా తేదీన తెరవమని ముందే సెట్ చేసి పెట్టుకోవచ్చు. కానీ కొన్ని పాలసీలు "రచయిత సొంత పేజీ, లేదా వాళ్ళ సంస్థ రిపాజిటరీ" అని మాత్రమే రాస్తాయి, అట్టా ఉంటే జెనోడోలో పెట్టే ముందు ఎడిటర్‌కి ఒక మాట రాసి అడగండి. ఒకసారి పెట్టాక గూగుల్ స్కాలర్‌లో మీ పేపర్ పక్కన ఫ్రీ పీడీఎఫ్ లింక్ వస్తుంది, ఫ్రీ కాపీ ఎక్కడుందో చూపించే అన్‌పేవాల్ అనే బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్ ఉన్నవాళ్ళకి జర్నల్ పేజీలోనే కనపడుతుంది.

ఇంకోటి. ఇది మీ పీహెచ్‌డీలో భాగమైతే థీసిస్ ఇప్పటికే మన దేశ థీసిస్‌లు దాచే శోధ్‌గంగ సైటులో ఉండొచ్చు, అది అందరికీ ఫ్రీ.

ఒంగోలు స్కాలర్:

లైబ్రరీ సార్ చెప్పినదానికి నా అనుభవం కలుపుతున్నా. ఆ రెండున్నర లక్షలు మాత్రం జేబులోంచి కట్టొద్దు మేడం, ప్లీజ్. నాకు తెలిసి అప్పు చేసి కట్టినవాళ్ళు ఉన్నారు. ఆ జర్నల్ కోసం లైబ్రరీల దగ్గర చందా ముందే తీసుకున్నారు, మళ్ళీ మీ దగ్గర ఫీజు తీసుకుని అదే పేపర్ తాళం తీస్తారు, ఒకే సరుకుకి రెండుసార్లు డబ్బులు. పేద దేశాలకి ఫీజు మాఫీ ఉంటుంది అని వింటాం కదా, రీసెర్చ్‌4లైఫ్ అని ఆ లిస్టు, అందులో ఇండియా లేదు. హైబ్రిడ్ జర్నల్స్‌కి ఆ మాఫీ మామూలుగా వర్తించదు కూడా.

జర్నల్స్ చందా ప్రభుత్వమే కట్టే వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ పథకం వచ్చింది కదా ఇంకేం అంటారేమో. 2024 నవంబర్ 25న కేబినెట్ ఒప్పుకుంది, మూడేళ్ళకి 6,000 కోట్లు, 30 పబ్లిషర్లు, దాదాపు 13,000 జర్నల్స్, 6,300 పైగా సంస్థలు. మంచి పనే, కాదనను, మా యూనివర్సిటీ స్కాలర్లకి నిజంగా ఊపిరొచ్చింది. కానీ అది ప్రభుత్వ యూనివర్సిటీలు, ప్రభుత్వ కాలేజీలు, కేంద్ర పరిశోధనా సంస్థలకి. మీ ప్రైవేటు కాలేజీకి రాదు, హైస్కూల్ టీచర్‌కి రాదు, కనిగిరిలో రైతుకి అసలు రాదు. చదువుకోవడానికి కొన్నాం గానీ తెరిచిపెట్టలేదు. ఓపెన్ యాక్సెస్ ఫీజులకి ఏడాదికి 150 కోట్లు అని కూడా చెప్పారు, అది ఎంపిక చేసిన మంచి ఓపెన్ యాక్సెస్ జర్నల్స్‌లో వేసేవాళ్ళకి, ఎప్పుడో హైబ్రిడ్‌లో వచ్చేసినదానికి ఆ డబ్బు వస్తుందని ఆశ పెట్టుకోకండి.

ఇంకో జాగ్రత్త. మీరు ఇట్టా నలుగురినీ అడగడం మొదలెట్టాక "మీ పేపర్ మా ఓపెన్ యాక్సెస్ జర్నల్‌లో మళ్ళీ వేస్తాం, 5 వేలు చాలు" అని మెయిల్స్ వస్తాయి. అట్టా వేశారంటే ఒకే పేపర్ రెండుచోట్ల అచ్చేసినట్టు, అసలు జర్నల్ వాళ్ళు మీ పేపర్‌ని వెనక్కి తీసేసే ప్రమాదం ఉంది. నమ్మదగ్గ జర్నల్స్ ఇవీ అని చెప్పే యూజీసీ కేర్ లిస్టు కూడా 2025 ఫిబ్రవరిలో ఆపేశారు కాబట్టి ఇప్పుడు ఏది అసలుదో ఏది నకిలీదో మనమే చూసుకోవాలి.

మీ మిగతా ఇద్దరు రచయితలు ఎక్కడ పనిచేస్తారు? అది చెప్తే ఇంకో దారి ఉందేమో చూద్దాం.

కనిగిరి మెట్ట:

అమ్మా, మీరు అడిగినోళ్ళలో నేను లేను గానీ మాది కనిగిరి పక్కనే, మెట్ట సేద్యమే, కంది, ఉలవ, వానలు బాగుంటే వరిగ. ఇందాకట్నించి చదువుతా ఉన్నా, గోల్డు, గ్రీను అంతా మీ చదువుకున్నోళ్ళ గొడవ, కాదనట్లే, చెయ్యండి. మాకు పీడీఎఫ్ ఇచ్చినా ఇంగ్లీషులో ఇరవై పేజీలు మావోళ్ళు ఎంతమంది చదవతారు? లోపల ఏముందో అది ఈడ చెప్పరాదా? ముందు ఏ పంట? మిల్లెట్ల సంవత్సరం అని 2023లో ఊరూరా మీటింగులు పెట్టి రాగి మనది అయిదువేల ఏళ్ళ నాటిది, జొన్న మనది పదివేల ఏళ్ళ నాటిది అని చెప్పిపోయినారు, నిజమేనా? మా నాయన ఉలవ మాత్రం ఎప్పుడూ ఆఖర్న వేసేవాడు, వానలు ఎనకబడి ఇంకేదీ పడదు అనుకున్నాక, అట్టా వేసినా ఎన్నో కొన్ని ఇంటికొచ్చేవి. దాని సంగతి ఏమన్నా రాసినారా?

పెన్నగట్టు:

లైబ్రరీ సార్, స్కాలర్ గారు, చాలా థాంక్స్, మీకు కిందకొచ్చి రాస్తాను. ముందు ఈయన అడిగినదానికి.

బాబాయ్ (అట్టా పిలవొచ్చనుకుంటున్నా), మీరు ఉలవ పేరెత్తారు, మొత్తం కథలో పెద్దపీట దానిదే. దక్షిణాదిలో కొత్తరాతియుగం ఊళ్ళల్లో పదే పదే దొరికేవి నాలుగు గింజలు, ఉలవ, పెసర, అండుకొర్ర, ఇంకా కొర్ర జాతిలోదే ఒక చిన్న గడ్డి గింజ, ఇప్పుడది మనకి కలుపు కిందే లెక్క. ఈ నాలుగూ ఈ నేల మీదివే అని గింజల నిపుణులు చెప్తారు, అంటే బయటి నుంచి ఎవరో తెచ్చి ఇచ్చినవి కాదు, ఇక్కడి అడవి మొక్కల్నే ఇక్కడి వాళ్ళు పంటగా మార్చుకున్నారు. అండుకొర్ర ఇప్పటికీ అనంతపురం, తుముకూరు సరిహద్దులో వేస్తారు, మన వైపు తెలిసినవాళ్ళు తక్కువ. డోరియన్ ఫుల్లర్, రవి కోరిశెట్టర్, పి.సి. వెంకటసుబ్బయ్య, మార్టిన్ జోన్స్ 2004లో రాసిన పేపర్‌తో ఈ సంగతి గట్టిగా నిలబడింది. తవ్వకంలో మట్టి తెచ్చి నీళ్ళలో కలిపితే మాడిన గింజలు, బొగ్గు పైకి తేలతాయి, జల్లెడ పట్టి ఆరబెట్టి మైక్రోస్కోపు కింద చూస్తారు. పచ్చి గింజ మట్టిలో కుళ్ళిపోతుంది, పొయ్యిలో పడి మాడిందే వేల ఏళ్ళు నిలిచి ఉంటుంది.

తర్వాత వాయవ్యం నుంచి గోధుమ, బార్లీ వచ్చాయి, సుమారు క్రీ.పూ. 2000 తర్వాత, అవి మన వాన మీద ఆధారపడే మెట్టకి ఎప్పుడూ ముఖ్యమైన పంటలు కాలేదు. ఆ తర్వాత సజ్జ, అనుములు, జొన్న. ఈ మూడూ ఆఫ్రికావి. రాగి కూడా ఆఫ్రికా తూర్పు వైపు ఎత్తు ప్రాంతాలది. కర్ణాటకలో హళ్ళూరు తవ్వకంలో రాగి దొరికింది అని పాత పుస్తకాల్లో ఉంటుంది, ఆ గింజలు నిజంగా రాగేనా అని తర్వాత వాళ్ళు అనుమానపడ్డారు. కాబట్టి మీటింగులో చెప్పిన అయిదువేలు, పదివేలు లెక్కలు నిలబడవు. రాగి, జొన్న మనవి కావు అని నేను అనట్లేదు, ఇన్ని తరాలుగా వేసుకుని తిన్నాక ఏ పంటైనా మనదే, కానీ వయసు తప్పు చెప్పాల్సిన పనిలేదు. నెల్లూరు అంటే వరి అంటారు కదా, మొలగొలుకులు అంటే ఇప్పటికీ పెద్దవాళ్ళ కళ్ళు మెరుస్తాయి, ఆ వరి దక్షిణాదిలో పంటగా నిలదొక్కుకున్నది ఇనుపయుగం వచ్చాకే. ఉలవ దానికంటే చాలా పెద్దది వయసులో.

ఇంకోటి మీకు తప్పకుండా నచ్చుతుంది. అడవి గింజకి పొట్టు మందంగా ఉంటుంది, ఒక వానకి మొలవదు, కొన్ని ఈ ఏడు, కొన్ని పై ఏడు మొలుస్తాయి. సేద్యం చేసేవాడికి అట్టా కుదరదు, వేసినవన్నీ ఒకేసారి మొలవాలి. 2017లో ఛార్లీన్ మర్ఫీ, ఫుల్లర్ కలిసి మన దక్షిణాది తవ్వకాల్లో దొరికిన ఉలవ గింజల్ని పగలగొట్టకుండా, ఇంగ్లండ్‌లో సింక్రోట్రాన్ అనే పెద్ద ఎక్స్‌రే యంత్రంలో పెట్టి పొట్టు మందం కొలిచారు. క్రీ.పూ. 2000 నుంచి 1200 మధ్య మందం నుంచి మధ్యరకం, మధ్యరకం నుంచి పలచన, ఇట్టా మెట్లు మెట్లుగా పలచబడింది అని తేలింది. అంటే ఎనిమిది వందల ఏళ్ళపాటు ఇక్కడి ఆడవాళ్ళు, మగవాళ్ళు విత్తనం దాచి మళ్ళీ వేసి, దాచి మళ్ళీ వేసి చేసిన మార్పు అది. మీ నాయన వానలు ఎనకబడ్డాక వేసినా మొలిచిందంటే అందులో ఆ పలచన పొట్టు పాత్ర ఉంది. ఆ పేపర్ సైంటిఫిక్ రిపోర్ట్స్‌లో వచ్చింది, పూర్తిగా ఓపెన్, ఎవరైనా ఇప్పుడే డౌన్‌లోడ్ చేసుకోవచ్చు, బొమ్మల్లో గింజ లోపలి పొరలు కూడా కనపడతాయి. మా పేపర్ కూడా అట్టాగే తెరుచుకోవాలి అన్నదే నా తపన.

కనిగిరి మెట్ట:

ఇదమ్మా కావాల్సింది. ఆ ఉలవ సంగతి మా ఇంట్లో చదివి వినిపించినా. వరిగ గురించి ఏం చెప్పలే మీరు, మా కాడ దానికే ఎక్కువ పేరు.

పెన్నగట్టు:

వరిగ ఈ నేల మీద పుట్టింది కాదు బాబాయ్, ఉత్తర చైనా వైపు మొదలైన పంట అది, కొర్ర పుట్టిల్లు కూడా అటే అంటారు. మన వైపు ఎప్పుడు వచ్చిందో మా పేపర్‌లో తేల్చలేదు కాబట్టి ఇక్కడ తేదీ చెప్పను.

స్కాలర్ గారు, మొదటి రచయితను నేనే, మెయిల్స్ అన్నీ నా పేరు మీదే. రెండో ఆయన తిరుపతి వైపు. మూడో ఆమె జర్మనీలో ఒక యూనివర్సిటీలో, వాళ్ళ ప్రభుత్వ నిధులతో నడిచే ప్రాజెక్టులో పనిచేస్తుంది.

ఒంగోలు స్కాలర్:

జర్మనీనా! అయితే వినండి. జర్మనీలో యూనివర్సిటీలకి పెద్ద పబ్లిషర్లతో ఒప్పందాలు ఉన్నాయి, వాళ్ళ రచయితల పేపర్లు ఫీజు లేకుండా ఓపెన్ అవుతాయి, కానీ దానికి కరెస్పాండింగ్ ఆథర్, అంటే పబ్లిషర్‌తో మెయిల్స్ నడిపే రచయిత ఎవరో వాళ్ళ సంస్థనే చూస్తారు, అది మీరు, కాబట్టి ఆ దారి మూసుకుపోయినట్టే. అచ్చయ్యాక పేరు మార్చమని అడగడం సరైన పని కాదు, అడగొద్దు.

కానీ ఇంకొకటి ఉంది. జర్మనీ కాపీరైట్ చట్టం 38వ సెక్షన్‌లో 2014 నుంచి ఒక హక్కు కలిపారు. కనీసం సగం ప్రభుత్వ నిధులతో చేసిన పరిశోధన అయి, ఏడాదికి కనీసం రెండుసార్లు వచ్చే జర్నల్‌లో అచ్చయితే, మొదట అచ్చయిన 12 నెలల తర్వాత ఆ రచయిత ఒప్పుకున్న మాన్యుస్క్రిప్ట్‌ని వ్యాపారం కాని పనికి పబ్లిక్‌గా పెట్టుకోవచ్చు, పబ్లిషర్‌కి హక్కులన్నీ రాసిచ్చినా సరే ఆ హక్కు పోదు. ఎక్కడ అచ్చయిందో రాయాలి, అంతే. నెదర్లాండ్స్‌లో కూడా 2015 నుంచి ఇట్టాంటిదే ఉంది. మన కాపీరైట్ చట్టంలో ఇట్టాంటి క్లాజు లేదు, ఉండాలి అని నేను గట్టిగా నమ్ముతా, మన పన్నులతో జరిగిన పరిశోధనకి మనమే మళ్ళీ డాలర్లు కట్టడం ఏంది అసలు. మన వ్యవసాయ పరిశోధన మండలి ఐకార్ 2013లో, కేంద్ర బయోటెక్నాలజీ, సైన్స్ శాఖలు డీబీటీ, డీఎస్టీ 2014లో ఓపెన్ యాక్సెస్ పాలసీలు రాసుకున్నాయి, రిపాజిటరీలో పెట్టమని, కానీ పాలసీ వేరు చట్టం వేరు, పబ్లిషర్ ఒప్పందం ముందు పాలసీ నిలబడదు.

కాబట్టి ఆమెని వాళ్ళ యూనివర్సిటీ లైబ్రరీతో మాట్లాడమనండి. వాళ్ళ దగ్గర ఈ పని చేసేవాళ్ళు ఉంటారు, ఈ పేపర్‌కి ఆ సెక్షన్ వర్తిస్తుందా లేదా వాళ్ళే చూసి చెప్తారు, వర్తిస్తే వాళ్ళ రిపాజిటరీలోనే పెడతారు.

విత్తనం దాచినోడు:

అందరూ ఓపెన్ ఓపెన్ అంటున్నారు, నాకు ఒక భయం ఉంది చెప్తాను. ఆత్మకూరు దగ్గర దేశీ విత్తనాలు దాచి పంచుతుంటాం. సీసీ బై అని లైసెన్స్ పెడితే ఎవరైనా వాడుకోవచ్చు కదా, రేపు మిల్లెట్ బ్రాండ్ వాడు "నాలుగువేల ఏళ్ళ నాటి పెన్నా లోయ ఉలవలు" అని ప్యాకెట్ మీద మీ పేపర్ వాక్యాలు అచ్చేసి అర కేజీ మూడొందలకి అమ్ముకుంటాడు, రైతుకి మాత్రం పాత రేటే. వ్యాపారానికి వాడకూడదు అనే ఎన్‌సీ లైసెన్స్ పెట్టడం మేలు అని నా అభిప్రాయం.

లైబ్రరీ మనిషి:

మీ బాధ నిజమైనదే అన్నా, కానీ లైసెన్స్ దాన్ని ఆపదు. కాపీరైట్ ఉండేది రాసిన వాక్యాల మీద, బొమ్మల మీద, సంగతి మీద కాదు. ఉలవ నాలుగువేల ఏళ్ళ నాటిది అనే మాట సొంత వాక్యంలో ఎవరైనా ప్యాకెట్ మీద రాసుకోవచ్చు, ఎన్‌సీ ఉన్నా, పేవాల్ వెనక ఉన్నా అంతే. బ్రాండ్ కంపెనీకి ముప్పై డాలర్లు ఒక లెక్కా, వాడు కొని చదువుకుంటాడు. ఆగిపోయేది మన చిన్నవాళ్ళే. యాడ్స్ వేసుకునే తెలుగు పత్రిక, ముప్పై రూపాయలకి అమ్మే రైతు పుస్తకం, ఇవి వ్యాపారమా కాదా అని ఎన్‌సీ దగ్గర అనుమానం వస్తుంది, అనుమానం ఉంటే ఎవరూ వేసుకోరు.

ఇంతకంటే ముఖ్యమైనది ఎన్‌డీ. సీసీ బై-ఎన్‌సీ-ఎన్‌డీ అని ఉంటే పేపర్‌ని ఉన్నది ఉన్నట్టు పంచుకోవచ్చు గానీ మార్చి పంచకూడదు, అనువాదం కూడా మార్పు కిందకే వస్తుంది. అంటే మీ పేపర్ ఫ్రీగా తెరుచుకున్నా తెలుగులో పెట్టడానికి అనుమతి ఉండదు. మీ అవసరానికి ఇది అడ్డం మేడం, చూసుకోండి. పైగా కాపీరైట్ రాసిచ్చేసి ఉంటే గ్రీన్ దారిలో మీకు ఇష్టమొచ్చిన లైసెన్స్ పెట్టే వీలుండదు, పబ్లిషర్ ఏది చెప్తే అదే.

కాబట్టి నేనైతే పనిని విడగొడతాను. ఇంగ్లీషు మాన్యుస్క్రిప్ట్ పబ్లిషర్ చెప్పిన లైసెన్స్‌తో రిపాజిటరీలోకి. మీరు కూర్చిన పట్టికలు, అంటే ఏ ఊళ్ళో ఏ గింజ దొరికింది, ఏ కాలం, మొదట ఎవరు అచ్చేశారు అనే ఫైలు, దాన్ని విడిగా డేటాగా జెనోడోలో సీసీ బైతో పెట్టండి, అప్పుడు ఇంకొకరు దాని మీద పని చేసుకోవచ్చు. ఇక తెలుగు సంగతి, ఆ పేపర్‌ని లైను లైను అనువాదం చేయకుండా మీ మాటల్లో కొత్తగా వ్యాసం రాయండి, పైన బాబాయ్‌కి రాసినట్టు. దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, దాని హక్కు పూర్తిగా మీది, దానికి సీసీ బై పెట్టేయండి, ఏ పత్రిక అయినా, ఏ స్కూలైనా వేసుకుంటుంది. గడువు తీరేదాకా ఆగాల్సిన పని కూడా లేదు, ఈ వారమే చేయొచ్చు.

ఈలోపు ఎవరైనా పేపర్ కావాలి అని మెయిల్ పెడితే ఒక్కొక్కరికి విడిగా కాపీ పంపడానికి చాలామంది పబ్లిషర్లు ఒప్పుకుంటారు. కొందరు రచయితకి ఫ్రీగా చదివే షేర్ లింక్ కూడా ఇస్తారు, మీ పేపర్ వచ్చినప్పుడు పంపిన మెయిల్స్‌లో వెతకండి.

విత్తనం దాచినోడు:

సరే, ప్యాకెట్ సంగతి ఒప్పుకుంటాను. కానీ ఇంకోటి అడుగుతా. రైతుల దగ్గర రాసుకున్నవి కూడా పేపర్‌లో ఉన్నాయి అన్నారు కదా, పేర్లు, ఊర్లు, ఫోటోలు ఉన్నాయా? జర్నల్ తాళం వెనక ఉన్నప్పుడు చూసేవాళ్ళు ఎందరు, గూగుల్‌లో ఫ్రీగా తేలాక చూసేవాళ్ళు ఎందరు. మా దగ్గర ఒక పెద్దామె ఫలానా విత్తనం దాచింది అని ఒకచోట ఊరితో సహా రాస్తే కొనేవాళ్ళు ఇంటి మీదికి వచ్చి ఆమెని విసిగించారు. ఓపెన్ చేసే ముందు వాళ్ళని మళ్ళీ అడగాలి.

పెన్నగట్టు:

ఇది చాలా మంచి మాట చెప్పారు అన్నా. పేపర్ లోపల పేర్లు లేవు, మండలం దాకానే రాసినాం. కానీ జర్నల్‌కి అదనంగా ఇచ్చిన ఫైల్‌లో ఇంటర్వ్యూల వివరాలు ఉన్నాయి, రెండు ఫోటోల్లో మొహాలు కనపడతాయి. పరిశోధనకి వాడుకుంటాం అని చెప్పి వాళ్ళ సంతకాలు తీసుకున్నాం, అందరికీ ఫ్రీగా పెడతాం అని విడిగా అడగలేదు, ఊరికెళ్ళి అడిగి ఒప్పుకున్నవే పెడతాను, వద్దన్నవి తీసేస్తాను.

ఇక ఇప్పటిదాకా చేసింది చెప్తాను. పాలసీ సైటులో చూసినా, మా జర్నల్ ఒప్పుకున్న మాన్యుస్క్రిప్ట్‌ని 12 నెలల తర్వాత రిపాజిటరీలో పెట్టుకోనిస్తోంది, ఆన్‌లైన్ తేదీ నుంచే లెక్క. ఆ గడువు వచ్చే నెలతో తీరిపోతుంది. ఆ ఫైలు ఎక్కడుందా అని వెతికితే మనం సబ్‌మిట్ చేసిన సైటులో లాగిన్ అయితే చివరి వెర్షన్ అట్టాగే ఉంది, దించుకున్నా. జర్మనీలో ఆమెకి రాశాను, వాళ్ళ లైబ్రరీలో మాట్లాడతాను అంది, సంతోషపడింది కూడా, ఈ హక్కు సంగతి ఆమెకే తెలియదంట. తిరుపతి సార్ కూడా ఓకే అన్నారు. డేటా ఫైలు తయారవుతోంది. తెలుగు వ్యాసం సగం రాసినా, పెసర దగ్గర ఉన్నాను, అడవి పెసర గురించి ఇంకొంచెం చదవాలి.

ఒక్క అనుమానం మిగిలింది సార్. పేపర్‌లో ఒక మ్యాప్ మేము గీసుకున్నది, ఒక బొమ్మ మాత్రం వేరే వాళ్ళ పాత పేపర్ నుంచి పర్మిషన్ తీసుకుని వేసినాం. మాన్యుస్క్రిప్ట్‌లో ఆ బొమ్మ ఉంచొచ్చా?

లైబ్రరీ మనిషి:

ఆ పర్మిషన్ మెయిల్ తీసి చదవండి మేడం. చాలావరకు ఆ ఒక్క జర్నల్‌లో వేసుకోవడానికే ఇస్తారు, రిపాజిటరీకి విడిగా అడగాలి. అడిగి జవాబు రాకపోతే ఆ బొమ్మ తీసేసి, దాని చోట "ఈ బొమ్మ ఫలానా పేపర్‌లో ఫలానా పేజీలో ఉంది" అని రాసి పెట్టండి, మిగతాది అట్టాగే ఉంచొచ్చు. మొదటి పేజీలో జర్నల్ పేరు, సంవత్సరం, అసలు డీఓఐ, "ఇది ఒప్పుకున్న మాన్యుస్క్రిప్ట్" అని ఒక లైను తప్పకుండా ఉండాలి. తెలుగు వ్యాసం అయ్యాక లింక్ ఇక్కడ పెట్టండి, మా లైబ్రరీ నోటీసు బోర్డులో ప్రింట్ తీసి పెడతాను, ఉదయగిరి, ఆత్మకూరు వైపు లైబ్రరీల్లో తెలిసినవాళ్ళకి కూడా పంపుతాను.